గోడలకు చెమ్మ – రంగు పూతల ఉపయోగము
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



గ్రంథాలయమునకు అగ్నియు, చెదలును శత్రువులని అందఱకును తెలియును. ఆ రెండింటికంటె నెమ్మదిగా, చప్పుడు చేయక పని నెరవేర్చుకొను శత్రువు వేఱొకటి కలదు. అదియే చెమ్మ. నిప్పంటుకొన్ననాడు ఊరంతయు బిందెలతో పరుగెత్తును. చెద కనిపించిననాడు కార్యదర్శి బీరువాలన్నియు ఖాళీ చేయించును. గోడ అడుగున జానెడు మేర నల్లనై, సున్నము పొడిపొడిగా రాలుచున్నను, దానిని చూచి కలతపడువా రరుదు. “వానకాలము కదా, ఎండలు వచ్చిన ఆఱిపోవును” అని ఊరుకొందురు. ఎండలు వచ్చును, పైపైన ఆఱును. మరల వానలు వచ్చుసరికి ఆ మరక ఇంకొక జానెడు పైకి ప్రాకియుండును. ఈలోగా బీరువా క్రింది అరలోని పుస్తకములు ఒకదానికొకటి అంటుకొని, అట్టలకు బూజు పట్టి, తెఱచినంతనే వాసన వేయు స్థితికి వచ్చును. అచ్చులో మరల దొరకని పాత ప్రతి ఒకటి అట్లు పోయినచో, ఎంత ధనము వెచ్చించినను అది తిరిగి రాదు.

గ్రామములో ఇండ్ల సంగతియు ఇంతే. పెండ్లి ముహూర్తము నిశ్చయమైనంతనే గృహస్థు ఇంటికి రంగు వేయించును. చెమ్మ గోడను కనబడనీయకుండ ఖరీదైన రంగు కొని, రెండు పూతలకు బదులు మూడు వేయించును. పెండ్లినాటికి గోడ అద్దమువలె మెఱయును. మఱుసటి శ్రావణమునాటికి ఆ అద్దముపై బొబ్బలు లేచును, పెచ్చులూడును, పెచ్చుల క్రింద తెల్లని ఉప్పు పొంగును. రంగు మంచిది కాదని అంగడివానిని నిందింతురు, పని మంచిది కాదని మేస్త్రిని నిందింతురు. తప్పు చాలవఱకు వారిరువురిది కాదు. నీరు ఏ త్రోవను వచ్చుచున్నదో విచారింపక రంగు వేయుటయే అసలు తప్పు. ఈ ప్రసంగమునకు సారాంశము ఆ ఒక్క మాటయే. తక్కిన దంతయు దాని వివరణము.

గోడకు నీరు చేరు త్రోవలు నాలుగు. మొదటిది నేలనుండి పైకి ప్రాకు చెమ్మ. రెండవది వాన జల్లు గోడపై కొట్టగా లోనికి ఇంకు నీరు. మూడవది పగిలిన గొట్టము, పూడిన తూము, బీటవారిన పిట్టగోడ మొదలగువానినుండి కారు నీరు. నాలుగవది గాలిలోని తేమ చల్లని గోడకో, చల్లని గచ్చుకో తగిలి నీటి బిందువులుగా మాఱుట. మంచు పడిన ఉదయమున గడ్డిపోచపై నీరు నిలుచుటయు, చల్లని మంచినీళ్ళ చెంబు వెలుపల చెమర్చుటయు ఈ నాలుగవ జాతివే. ఈ నాలుగింటికి చికిత్స ఒకటి కాదు. ఒకదానికి పనికివచ్చు పూత వేఱొకదానికి కీడు చేయును.

నేలనుండి నీరు పైకెట్లు ప్రాకునని సందేహము కలుగవచ్చును. ప్రమిదలోని వత్తిని చూచినచో ఆ సందేహము తీఱును. నూనె ప్రమిద అడుగున ఉన్నను వత్తి కొనవఱకు తానై ఎక్కి వెలుగును. వత్తి నూలు పోగులనడుమ వెండ్రుకవంటి సన్నని సందులుండుటయే దానికి కారణము. ఇటుకలోను, సున్నములోను, సిమెంటు పూతలోను అట్టి సన్నని సందులు లెక్కకు మిక్కిలిగా ఉండును. పునాది తడినేలలో నాటుకొని ఉన్నంతకాలము గోడ యొక పెద్ద వత్తియే. అట్లు ప్రాకిన చెమ్మ సాధారణముగా ఒక మీటరు ఎత్తు వఱకు వచ్చి, అచట గాలికి ఆఱుచుండును. క్రిందనుండి ఎక్కు నీరును, పైన ఆఱిపోవు నీరును సమమైనచోట మరక నిలుచును.

నీరు ఒంటిగా రాదు. నేలలోని లవణములను కరగించుకొని తనతో తెచ్చును. నీరు ఆఱిపోవును గాని లవణము ఆఱిపోదు. అది గోడ ముఖముననో, పూత వెనుకనో స్ఫటికములుగా గట్టిపడును. స్ఫటికము పెరుగునప్పుడు దానికి చోటు కావలెను. చోటు లేనప్పుడు పూతను వెలుపలికి నెట్టును. పెచ్చులూడుటకు కారణమిదియే. ఈ లవణములలో కొన్ని గాలిలోని తేమను తామే పీల్చుకొనునవి. అందుచేత నేలనుండి నీటి రాకడ ఆగిన తర్వాతను, ముసురు పట్టినప్పుడెల్ల ఆ గోడ మరల చెమర్చుచుండును. వానకాలమున ఉప్పు జాడీ చెమర్చుట ప్రతి యిల్లాలికిని తెలిసినదే.

ఈ సంగతి డెల్టా గ్రామములకు మఱింత ముఖ్యము. గోదావరిపై ధవళేశ్వరము ఆనకట్ట 1852లో ముగిసినది. కృష్ణపై బెజవాడ ఆనకట్ట 1855లో ముగిసినది. దాని స్థానమున ప్రకాశము బరాజు 1957లో వచ్చినది. కాలువలు పాఱిన నేలలు బంగారము పండినవి. ఆ కాలువల నీరే భూగర్భమునకును దిగి, ఊటను నేలమట్టమునకు దగ్గఱగా తెచ్చినది. కాలువగట్టు ప్రక్కను, చెఱువు ప్రక్కను, వరిచేల నడుమను కట్టిన యిండ్లకు పునాది ఎల్లప్పుడును తడియందే ఉండును. సముద్రతీరపు ఊళ్ళలో నేలయే చౌడు. 1977 నవంబరు 19వ తేదీన దివిసీమపై విరుచుకుపడిన తుపాను ఉప్పెనవంటివి వచ్చినప్పుడు, నీరు తీసిన పిదపను ఉప్పు గోడలలో నిలిచిపోవును. ఉప్పు కలిసిన ఇసుకతోను, ఉప్పు నీటితోను కట్టిన గోడకైతే వ్యాధి పుట్టుకతోనే వచ్చును.

చికిత్సకు ముందు పరీక్ష అవసరము. దీనికి గొప్ప పరికరము లేమియు అక్కఱలేదు. అడుగున్నర చదరపు ప్లాస్టికు కాగితమును గోడకుగాని, గచ్చుకుగాని ఆనించి, నాలుగంచులను గాలి దూఱకుండ అంటుబద్దతో మూసి, ఒక పగలు ఒక రేయి అట్లే ఉంచవలెను. విప్పునపుడు కాగితము వెనుక, అనగా గోడవైపున తడి కనిపించినచో నీరు గోడలోనుండి వచ్చుచున్నదని తెలియవలెను. గదివైపున తడి కనిపించినచో గాలిలోని తేమ చల్లదనమునకు నీరగుచున్నదని తెలియవలెను. మరక ఆకారము కూడ కొంత చెప్పును. నేలపొడవునను ఒకే ఎత్తున సాగిన మరక నేల చెమ్మ. కిటికీ మూలలను, పైకప్పు అంచులను కనిపించు మరక వాన చెమ్మ. ఎండకాలమునందు సైతము ఒకే చోట తగ్గక నిలిచిన మరకకు దగ్గఱలో గొట్టమో, తూమో ఉండును.

ఇక చెమ్మను తట్టుకొను పూతల సంగతి. వీనిలో మిక్కిలి ప్రాచీనమైనది సున్నము. కాల్చిన సున్నపురాయిని నీటితో విరియించి, వడగట్టి పూసిన వెల్ల, గాలిలోని బొగ్గుపులుసు వాయువును గ్రహించి మరల రాయిగా మాఱును. అది నీటిని పూర్తిగా అడ్డదు గాని, గోడలోని తడిని వెలుపలికి పోనిచ్చును. డంగు సున్నములో కరక్కాయ నీరును, బెల్లమును కలిపి గచ్చు చేసిన తాపీ పనివారు గోడ ఊపిరి తీసికొను ఈ గుణమును అనుభవముచేత ఎఱిగినవారే. వెల్లలో కొద్దిగా అవిసె నూనె కలిపినచో వాననీరు అంత సులభముగా ఇంకదు.

రెండవది సిమెంటు రంగు. తెల్ల సిమెంటుతో చేసిన ఈ పొడిని నీటిలో కలిపి వెలుపలి గోడలకు పూయుదురు. ఒక గంటలో ముగియునంత మాత్రమే కలుపుకొనవలెను. పూయుటకు ముందు గోడను తడుపవలెను. ఒక పూతకును మఱియొక పూతకును నడుమ ఒక దినము వ్యవధి ఉండవలెను. పూసిన పిదప కొన్ని దినములు నీరు చల్లవలెను. నీరు చల్లక ఎండకు వదలినచో అది సుద్దవలె చేతికంటుకొనును. పాత వెల్లపై దీనిని వేయరాదు. వెల్లను పూర్తిగా గీకివేసిన పిదపనే అది గోడను పట్టుకొనును.

మూడవది నేడు అంగళ్ళలో ఎక్కువగా దొరకు ఎక్రిలికు రంగులు. వీనిలో వెలుపలి గోడలకై చేసినవి వాననీటిని జాఱవిడుచును. సాగుడు గుణము గల జాతి వెండ్రుకవాటి బీటలను కప్పగలదు. నాలుగవది సిలేను, సిలాక్సేను అను రసాయనముల ద్రవము. దీనికి రంగు లేదు. ఇది సందులను మూయక, వాని లోపలి అంచులను నీరంటనివిగా చేయును. తామరాకుపై నీటివలె వానచినుకు గోడపై జాఱిపోవును. లోని ఆవిరి మాత్రము వెలుపలికి పోగలుగును. ఐదవది తారు. ఇది నేలలో పూడిన గోడ వెలుపలి ముఖమునకును, పునాదిమట్టమునకును తగినది. ఆఱవది ఎపాక్సీ. రెండు ద్రవములను కలిపి పూయగా గట్టిపడు ఈ పూత గచ్చులకు మిక్కిలి బలము నిచ్చును.

ఇన్ని పూతలుండగా చెమ్మ భయమేల అనవచ్చును. ఇచ్చటనే జాగ్రత్త వహింపవలెను. నేల చెమ్మ ఎక్కుచున్న గోడకు లోపలివైపున ఆవిరిని పోనీయని పూత వేసినచో నీరు ఆగదు. ఆఱుటకు త్రోవ మూసికొనిపోవుటచేత అది ఇంకను పైకి ప్రాకును. నడుము ఎత్తున ఉన్న మరక భుజము ఎత్తునకు వచ్చును. పూత వెనుక లవణము గట్టిపడి, రంగుతోపాటు గోడపూతను కూడ ఊడదీయును. కాలికి చీముపట్టిన పుండుపై పట్టీ బిగించినవాడు పుండును మాన్పలేదు, దానిని కనబడకుండ మాత్రము చేసినాడు. లోపలి నూనె రంగు సంగతి కూడ ఇట్టిదే. క్రొత్త సున్నములోను, సిమెంటులోను క్షారగుణము ఉండును. అది నూనెతో కలిసి సబ్బుగా మాఱి, పూత మెత్తబడి జిగురగును. అందుచేత క్రొత్త గోడపూతపై తగినంత కాలము గడవక నూనె రంగు వేయరాదు.

కావున పనికి క్రమమొకటి ఉండవలెను. ఆ క్రమములో రంగు చివరిది.

మొట్టమొదట గోడ చుట్టును నీరు నిలువకుండ చేయవలెను. చూరునీరు గోడ మొదట పడుచున్నచో గొట్టముతో దూరముగా విడువవలెను. గోడకు ఆనించి పోసిన మన్ను, పేడకుప్ప, పూలమొక్కల పాదు ఉన్నచో తొలగింపవలెను. వెలుపలి నేల, లోపలి గచ్చుకంటె తక్కువ ఎత్తున ఉండవలెను. వీధి ఎత్తు చేసినప్పుడెల్ల పాత ఇండ్లు పల్లమగుచుండుట గ్రామములలో నిత్యము చూచుచున్నదే. ఆ పల్లపు ఇంటికి ఎంత ఖరీదైన రంగు వేసినను ఫలము లేదు. పగిలిన తూములు, బీటవారిన పిట్టగోడలు, కారు గొట్టములు పిదప బాగుచేయవలెను. చెమ్మలో సగమునకు పైగా ఈ చిన్న పనులతోనే తగ్గిన యిండ్లు అనేకములు.

క్రొత్తగా కట్టువారు పునాదిమట్టమున చెమ్మ ఆపు వరుస వేయించుట మఱవరాదు. ఒకటికి రెండు ఇసుక, నాలుగు కంకర చొప్పున కలిపిన సిమెంటు కాంక్రీటును సుమారు 40 మిల్లీమీటర్ల మందమున పఱచి, అది ఆఱిన పిదప దానిపై వేడి తారు పూయుట వాడుకలో ఉన్న పద్ధతి. చదరపు మీటరునకు 1.7 కిలోగ్రాముల తారు పట్టును. మొత్తము ఇంటి ఖర్చులో ఇది చిన్న భాగము. కట్టునప్పుడు దీనిని వదలినవాడు, తర్వాత ఏడేడు రంగులకై అంతకంటె ఎక్కువ వెచ్చించును. కట్టిన యింటికి ఈ వరుస లేనిచో, గోడ అడుగున సున్నపు సందులో సుమారు పండ్రెండు సెంటీమీటర్లకు ఒకటి చొప్పున రంధ్రములు తొలిచి, నీరంటనీయని రసాయనమును ఎక్కించు పద్ధతి నేడు కలదు. ఇది అనుభవముగల పనివారిచే చేయింపవలసినది.

నీటి రాకడ ఆగిన పిదప, పాడైన గోడపూతను మరక కంటె ఒక అడుగు ఎత్తు వఱకు చెక్కివేయవలెను. ఇటుక సందులను ఇనుప తీగల కుంచెతో గోకి, రాలిన ఉప్పును పొడిగానే ఊడ్చి దూరముగా పాఱవేయవలెను. నీటితో కడిగినచో ఉప్పు మరల గోడలోనికే పోవును. తర్వాత గోడను ఆఱనీయవలెను. తడిసిన గోడ అంగుళమునకు ఒక నెల చొప్పున ఆఱునని పనివారి లెక్క. ఓపిక పట్టలేక ఈ నెలలను దొంగిలించినవారే పెచ్చులను పంటగా పొందుచున్నారు. ఆఱిన పిదప ఉప్పు లేని మంచి ఇసుకతో సున్నపు పూతగాని, సున్నము కలిసిన సిమెంటు పూతగాని వేసి, అది గట్టిపడిన మీదట ఊపిరి తీసికొను రంగును లోపలను, వాననీరు జాఱవిడుచు రంగును వెలుపలను వేయవచ్చును. ఈ స్థితిలో వేసిన రంగు పది కాలములపాటు నిలుచును.

పెద్ద ఖర్చు భరింపలేనివారికి వాన జల్లు పడు ఇటుక గోడలకై సిల్వెస్టరు పద్ధతి అను చౌక ఉపాయ మొకటి కలదు. లీటరు నీటికి సుమారు 75 గ్రాముల బట్టల సబ్బును కరగించి, మఱుగుచుండగనే నురుగు రాకుండ పొడి గోడకు పూయవలెను. ఒక దినము గడచిన పిదప లీటరు నీటికి సుమారు 12 గ్రాముల పటిక కలిపిన చల్లని నీటిని దానిపై పూయవలెను. సబ్బును పటికయు ఇటుక సందులలో కలిసి, నీటిలో కరగని పదార్థమగును. ఈ రెండింటిని మార్చి మార్చి మఱల మఱల పూసినకొలది గోడ బిగియును. ఇది వానకు మాత్రమే మందు. నేలనుండి ఎక్కు చెమ్మకు కాదు. మఱుగుచున్న నీటితో పని గనుక పిల్లలను దూరముగా ఉంచవలెను.

గచ్చు విషయమున ఇంకను జాగ్రత్త కావలెను. గచ్చు క్రింద ఇసుక పఱచి, దానిపై దళసరి ప్లాస్టికు పట్టాను అతుకులు ఒకదానిపై నొకటి వచ్చునట్లు వేసి, ఆ పైన కాంక్రీటు పోసినచో నేల చెమ్మ పైకి రాదు. అట్టిది లేని గచ్చుపై ఎపాక్సీ పూసినచో, అడుగునుండి వచ్చు తడి ఆ పూతను బొబ్బలుగా లేపును. కడప బండలుగాని, తాండూరు బండలుగాని పఱచిన పాత గదులలో సందులు ఆఱుచుండుటచేతనే నేల నిలుకడగా నుండును. పైనుండి గట్టి రంగు పూయుటకంటె సందులను శుభ్రము చేసి సున్నముతో పూడ్చుట మేలు. ముసురు దినములలో బండలు చెమర్చినచో అది గాలి తేమ. దానికి రంగుతో పనిలేదు, పొడిగాలి ఆడు వేళ కిటికీ తెఱచుటతో పని.

ఇక గ్రంథాలయమునకు ప్రత్యేకముగా చేయవలసినవి కొన్ని కలవు. బీరువాలను గోడకు ఆనింపక జానెడు ఎడముగా నిలుపవలెను. క్రింది అరను నేలకు జానెడు ఎత్తున ఉంచవలెను. వెలుపలి గోడకంటె లోపలి గోడ ప్రక్కన అరుదైన పుస్తకములను ఉంచుట మంచిది. గాలిలో తేమ నూటికి 70 పాళ్ళు దాటి చాల దినములు నిలిచినచో కాగితముపై బూజు మొలచును. తేమ కొలుచు చిన్న యంత్రములు నేడు స్వల్పమైన ఖరీదునకే దొరకుచున్నవి. ఒకదానిని గోడకు తగిలించి ప్రతి దినము అంకెను హాజరు పుస్తకము ప్రక్కన వ్రాసికొనుట కార్యదర్శికి కష్టము కాదు. బయట ముసురుగా నున్నప్పుడు కిటికీలు మూసి, ఎండ కాసినప్పుడు తెఱచుట, తడిసిన పుస్తకమును తోటివానితో కలుపక గాలికి ఆఱబెట్టుట అలవాటు చేసికొనవలెను. చెద చెమ్మను వెదకికొనుచు వచ్చును. చెమ్మ ఆపిన గోడ చెదకును సగము తలుపు మూసినట్లే.

పుస్తకముల మాట అటుండగా, మనుష్యుల మాట యింకను ముఖ్యము. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లో ఇంటి చెమ్మ, బూజులపై వెలువరించిన మార్గదర్శక గ్రంథము, అట్టి ఇండ్లలో నివసించువారికి శ్వాసకోశ బాధలును, ఉబ్బసమును అధికమని తెలిపినది. చదువుకొను పసిపిల్లలు చాప వేసికొని కూర్చుండునది ఆ తడిగోడ ప్రక్కనే. ముసలివారు మంచము వేసికొని పడుకొనునదియు ఆ మూలనే. రంగు అందమునకైనచో ఈ ప్రసంగమంత అవసరము లేదు. పిల్లవాని దగ్గు గోడ మరకతో పెరుగుచున్నదేమో యని ప్రతి తల్లిదండ్రియు ఒకసారి చూచుకొనవలెను.

ఈ గ్రంథాలయమునకు 25 వత్సరములు నిండినవి. చందాదారులు పైసా పైసా కూర్చి కొన్న పుస్తకములును, దాతలు తమ యింటి బీరువాలనుండి తెచ్చి యిచ్చిన పుస్తకములును ఈ నాలుగు గోడల నడుమ ఉన్నవి. రజతోత్సవమునకై గోడలకు రంగు వేయింప సంకల్పించుట సంతోషకరము. ఆ రంగుకై కేటాయించిన ధనములో మొదటి భాగమును చూరు గొట్టమునకును, వెలుపలి కాలువకును, గోడ అడుగున పాడైన పూతను చెక్కించుటకును వినియోగించి, గోడ ఆఱువఱకు ఓపిక పట్టి, మిగిలినదానితో రంగు వేయించినచో, ఉత్సవపు ఫొటోలో గోడ కొంత మోటుగా కనబడవచ్చును. అందుకు సిగ్గుపడ నవసరము లేదు. స్వర్ణోత్సవమునాడు క్రింది అర తెఱచి పుస్తకము తీసికొనువాని చేతికి బూజు అంటకుండుటయే అసలైన అలంకారము.